బావ వండిన రొయ్యలకు సాక్షి

కోతలు కోసేవాళ్ళకు లోకంలో కొదవ లేదు. కోసిన కోతకు పక్కనుండి "అవును" అనే సాక్షి దొరకడమే కష్టం. మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే బావకి ఆ అదృష్టం పెళ్ళితోపాటే కలిసొచ్చింది. భార్యకి ఒక్కడే తమ్ముడు. పెళ్ళైన కొత్తలో, ఇంకా మీసం మొలవని ఆ తమ్ముడి ఎదుటే బావ నలుగురికీ ఒక కథ చెప్పాడు. ఆగిపోయిన గడియారాన్ని తను నాలుగు తిట్లు తిడితే అది భయపడి నడిచిందని. నలుగురూ మొహాలు చూసుకున్నారు. బావ పిల్లాడి వైపు తిరిగి "ఏరా బామ్మర్దీ?" అన్నాడు. పిల్లాడు తడుముకోకుండా "అవును బావా, నా కళ్ళారా చూశాను" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆ రోజు బావ పిల్లాడి భుజం మీద చెయ్యి వేసి వీధంతా తిప్పాడు.

ఆ పిల్లాడే ఇప్పుడు దర్జీ. కింద కుట్టు షాపు, పైన ఇల్లు. షాపు గోడని ఆనుకుని టీ కొట్టు, దాని ముందు ఎదురెదురుగా రెండు బల్లలు. సాయంత్రం కాగానే బావ తన రిపేరు షాపు షట్టరు దించి, చేతులకంటిన గ్రీజు పాత బనీను గుడ్డతో తుడుచుకుంటూ వచ్చి గోడవైపు బల్ల మీద కూర్చుంటాడు. కథ మొదలవుతుంది. అది పెరగాల్సినంతా పెరిగి, నమ్మేవాడు ఒక్కడూ మిగలనప్పుడు టీ గ్లాసు ఎత్తి, షాపు వైపు చూసి "ఏరా బామ్మర్దీ?" అంటాడు. దర్జీ దారం పళ్ళతో కొరికి తెంపి "అవును బావా, నా కళ్ళారా చూశాను" అంటాడు. నవ్వంతా అక్కడే. రిటైరైన మాస్టారొకాయన ఆ ఒక్క ముక్క వినడానికే రోజూ అంత దూరం నడిచొస్తాడు. "కోత కన్నా సాక్ష్యం రుచిగా ఉంటుందయ్యా" అంటాడాయన.

పోయిన నెల ఆ సాక్ష్యమే బెడిసికొట్టింది.

బావ పక్కింట్లో గ్యాసు పొయ్యి గొట్టం అంటుకుంది. లోపల మంచం దిగలేని ముసలావిడ. దర్జీ అక్క, అంటే బావ భార్య, తడి దుప్పటి కప్పుకుని లోపలికెళ్ళి, సిలిండరు కట్టేసి, ముసలావిడని వీపున వేసుకుని బయటికొచ్చింది. ముందు జుట్టు కాలింది, ఒక కనుబొమ్మ పోయింది. బావ గుమ్మం బయట నిలబడి కేకలు పెట్టాడు. జరిగింది అంతే. మర్నాడు టీ కొట్టు దగ్గరికి వచ్చేసరికి దుప్పటి కప్పుకున్నది బావ, ముసలావిడని మోసింది బావ, బయట నిలబడి గుండెలు బాదుకున్నది భార్య. "ఏరా బామ్మర్దీ?" అన్నాడు. మంటలప్పుడు దర్జీ తన షాపులో కాలర్లు కుట్టుకుంటున్నాడు, పొగ కూడా చూడలేదు. అయినా అలవాటు పడ్డ నోరు. "అవును బావా, నా కళ్ళారా చూశాను" అనేసింది.

మాట ఎక్కడ ఆగుతుంది, చేరాల్సిన చెవికి చేరింది. అక్క సంచీతో వచ్చి షాపు గుమ్మంలో నిలబడింది. కాలిన జుట్టు కత్తిరించుకున్నట్టుంది, నుదురు వెడల్పుగా కనబడుతోంది.

"ఆయన కోస్తే కోశాడు, అది ఆయన పుట్టుక. నువ్వెందుకు సాక్ష్యం చెప్పావురా? నువ్వు చూశావా?"

దర్జీ తల ఎత్తకుండా కుట్టిన కుట్టే మళ్ళీ కుట్టాడు.

అప్పటినుంచి అక్క పైనే ఉంటోంది. బళ్ళు తెరిచే రోజులు, యూనిఫారాలు గుట్టగా పడున్నాయి కాబట్టి తమ్ముడికి సాయం వస్తోందనీ, పొద్దు వాలగానే ఇంటికెళ్ళిపోతోందనీ టీ కొట్టు వాళ్ళ అంచనా. అసలు సంగతి తెలిసింది బావకీ అక్కకీ దర్జీకీ మాత్రమే. అక్క దాని గురించి ఎక్కువ మాట్లాడదు. ఒకసారి మాత్రం అన్నం వడ్డిస్తూ అంది. "ఆయన నాతో మాట్లాడడురా. నాకు వినిపిస్తాడు. ఇన్నేళ్ళలో నన్ను ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు."

బావ మాత్రం రోజూ బల్ల దగ్గరికి వస్తూనే ఉన్నాడు. బల్లకీ మెట్లకీ మధ్య నాలుగడుగుల దూరం. మాటలు కోటలు దాటతాయి గాని కాళ్ళు గడప దాటవని ఊరికే అన్నారా! టీ తాగుతాడు, ఏదో ఒకటి కోస్తాడు, వెళ్ళిపోతాడు. పైకి చూడడు. ఈ మనిషి అక్కని ఎప్పుడు బతిమాలుతాడు, ఎప్పుడు ఇంటికి తీసుకుపోతాడు అని దర్జీకి లోపల్లోపల దిగులు. అక్కకి ఇంటి మీదే మనసుంది. ఆ సంగతి ఆమె చెప్పకపోయినా, వీధిలో బావ దగ్గు వినబడినప్పుడల్లా పైన అక్క కుట్టే మెషీను ఒక్క క్షణం ఆగడం అతను గమనించాడు.

ఇవాళ బావ తీరే వేరుగా ఉంది. తలంటు పోసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా తొడిగాడు. చేతిలో గుడ్డసంచీ, అందులో స్టీలు డబ్బా. ఎప్పుడూ కూర్చునే గోడవైపు బల్ల వదిలేసి ఎదుటి బల్ల మీద కూర్చున్నాడు. అక్కడ కూర్చుంటే పైన బాల్కనీ సూటిగా కనబడుతుంది. బాల్కనీ తలుపు ఓరగా వేసుంది. లోపల మెషీను టకటకమంటోంది. ఇవాళ ఆ చప్పుడు దగ్గుకి కూడా ఆగలేదు, చొక్కా పొడుగు కుట్లు పడుతున్నట్టున్నాయి.

"డబ్బాలో ఏంటండీ?" అన్నాడు టీ కొట్టాయన గ్లాసు అందిస్తూ.

"చెబుతా. నిన్న సాయంత్రం మా ఇంట్లో నేను రొయ్యలు వండాను."

బస్సు డ్రైవరు టీ ఊదుకోవడం ఆపాడు. "మీరా? ఇంట్లో మంచినీళ్ళైనా మీరే ముంచుకుంటారా అని మాకు అనుమానం."

"అదేనయ్యా మీతో వచ్చింది. వంటంటే ఏముంది, మోటారు విప్పి బిగించడంలాంటిదే, ఏది ముందు ఏది వెనక అన్నది తెలిస్తే చాలు. మన షాపులో ఎయిర్ ఫ్రయ్యర్ ఒకటి పడుంది, ఎవరో బాగుచెయ్యమని ఇచ్చి మళ్ళీ మొహం చూపించలేదు, దాన్ని ఇంటికి పట్టుకెళ్ళాను. నూనెలో మునగక్కర్లేదు, వేడిగాలికే వేగిపోతాయి. రొయ్యలు వొలిచి, వీపున నల్ల నరం ఉంటుంది చూడు, అది లాగేసి, కడిగి, గుడ్డతో తడి లేకుండా అద్దాను. తడి ఉందా, ఉడుకుతాయి గాని వేగవు. వెన్న కరిగించి, వెల్లుల్లి దంచి కలిపి, ఉప్పు, మిరియాల పొడి, అంతే. గుట్టగా పొయ్యకూడదు, ఒకదాని పక్కన ఒకటి పడుకోబెట్టాలి. ఇంకో సంగతి, వెల్లుల్లి అంతా ముందే వేసేశామా, ఆ గాలికి మాడి చేదెక్కుతుంది. సగం ముందు, సగం దించాక. అది నాకెవరూ చెప్పలేదు, మూడు సార్లు మాడ్చుకున్నాక తెలిసింది."

దర్జీ కత్తెర పక్కన పెట్టాడు. బావ కథల్లో బావ ఏ పనైనా మొదటి దెబ్బకే చేసేస్తాడు. మాడ్చుకున్నానని ఆయన నోట వినడం ఇదే మొదలు. ఎవరూ లేని ఇంట్లో ఒక్కడే నిలబడి, మాడిన రొయ్యలు పారబోసి, మళ్ళీ వొలుచుకుంటున్న మనిషి దర్జీ కళ్ళ ముందు మెదిలాడు. ప్రాణం ఉసూరుమంది.

"మూడు సార్లా?" మాస్టారు కూడా పట్టుకున్నాడు.

"ఆఁ, అదీ... యంత్రం లోపంలెండి." బావ సర్దుకున్నాడు, గొంతు పెంచాడు. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? దాని లోపల ఫ్యాను ఉంటుంది, చూస్తే అగ్గిపెట్టెంత. ఇదేం గాలి, ముసలాడి నిట్టూర్పు అనుకుని, ఫ్యాను పీకేసి, వాషింగ్ మెషీను మోటారు బిగించాను. స్విచ్చి వేశానా, అబ్బో! గాలి అంటే అదీ గాలి! బుట్టలో రొయ్యలు లేచి నిలబడ్డాయి. నిలబడి వెన్నలో ఈదడం మొదలెట్టాయి. వేడి తగిలేసరికి పోయిన ప్రాణాలు తిరిగొచ్చాయయ్యా, మీసాలు దువ్వుకుంటూ ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరుగుతున్నాయి!"

"తలలు తీశాక మీసాలెక్కడివి?" అన్నాడు డ్రైవరు.

"మొలిచాయి! ఆ మోటారు వేడికి నీ బట్టతల పెట్టినా మొలుస్తుంది. నువ్వు ఊరుకో, అసలు కథ వాసన దగ్గరుంది. ఆ వెన్న, ఆ వెల్లుల్లి వాసన మా వంటింటి కిటికీలోంచి బయటికెళ్ళింది. మొదట వీధిలో పిల్లులొచ్చాయి. వచ్చి అల్లరి చెయ్యలేదయ్యా, పెద్దవి వెనక, చిన్నవి ముందు, బుద్ధిగా వరసలో కూర్చున్నాయి. ఆ వెనక కుక్కలు. కుక్కకీ పిల్లికీ పడదంటారే, ఆ పూట ఒక కుక్క ముసలి పిల్లికి చోటిచ్చి పక్కకి జరగడం నేను చూశాను. ఎదురింటాయనకి ముక్కు మూసుకుపోయి పదేళ్ళు, ఏ మందుకీ లొంగలేదు. 'ఏంటా కమ్మని వాసన' అంటూ దుప్పటితో సహా బయటికొచ్చాడు. ఇంతలో బస్సు."

"ఏ బస్సు?" అన్నాడు డ్రైవరు అనుమానంగా.

"నీదేనయ్యా! నీకు గుర్తులేదు, ఆ వాసనకి నీకు మతి పోయింది. మా వీధి నీ దారే కాదు, అయినా స్టీరింగు దానంతటదే తిరిగింది. దిగినవాళ్ళు దిగినట్టే వరసలో నిలబడ్డారు, పిల్లుల వెనక."

టీ కొట్టాయన పాలు పొంగుతున్న సంగతి మరిచి నవ్వుతున్నాడు. దర్జీకి కూడా నవ్వొచ్చింది. ఈ నోరే కదా తనని చిన్నప్పటినుంచి కట్టిపడేసింది. తండ్రి పోయిన ఏడు ఇంట్లో నవ్వన్నది లేనప్పుడు, ఈయన వచ్చి ఇలాంటి కథలు చెప్పే కదా తనచేత అన్నం తినిపించింది. బావ మీద కోపం తెచ్చుకోవడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు.

"అంతటితో ఆగిందా? ఆగలేదు. వాసన పైకెక్కింది. పొగకన్నా వాసన తేలిక, పైకే పోతుంది, కావాలంటే మాస్టారిని అడగండి."

"నన్ను లాగకయ్యా."

"పైన విమానం పోతోంది. పోయేది పోకుండా మా మేడ మీద ఆగింది. రెక్కలు అటూ ఇటూ ఊపుతూ, తేనెటీగ పువ్వు మీద ఆగినట్టు. కిటికీ తెరిచి దాన్ని నడిపేవాడు తల బయటపెట్టి 'అన్నా, ఒక పొట్లం కట్టవూ' అన్నాడు. 'తాడు వదులు, కడతాను' అన్నాను. అటు సముద్రంలో సంగతి ఇవాళ పొద్దున తెలిసింది. రొయ్యలన్నీ ఒడ్డుకొచ్చి 'మమ్మల్నీ ఆయన దగ్గరికే పంపండి, చస్తే అలాగే చావాలి' అని వలవాళ్ళ కాళ్ళు పట్టుకున్నాయట!"

"అబద్ధమాడినా అతికినట్టుండాలయ్యా," అన్నాడు మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ. "సముద్రందాకా వెళ్ళావు, ఇంక మిగిలిందేముంది?"

"ఉంది మాస్టారూ. ఆ తర్వాతే ఉంది." బావ గ్లాసు కింద పెట్టాడు. చొక్కా మెడ సర్దుకున్నాడు. చూపు బాల్కనీ తలుపు మీదికి పోయింది, అక్కడే నిలిచింది. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? యంత్రం అదుపు తప్పింది. మోటారు ఎర్రగా కాలిపోయింది. మూత ఎగిరి కప్పుకి అతుక్కుంది. వంటింట్లో సుడిగాలి, గిన్నెలు గాల్లో తిరుగుతున్నాయి, ప్లగ్గు దగ్గర నిప్పులు రాలుతున్నాయి. కట్టెయ్యాలంటే లోపలికెళ్ళాలి. అప్పుడు నేనేం చేశాను?"

"ఏం చేస్తారు, దూకారు," అన్నాడు డ్రైవరు. "సిలిండరప్పుడు దూకినట్టు."

"లేదు." బావ గొంతు హెచ్చింది. టీ కొట్టు వాళ్ళకి అంత గొంతు అక్కర్లేదు. "నేను దూకలేదు. నేను గుమ్మం బయట నిలబడి కేకలు పెట్టాను. కాళ్ళు వణికాయి. మా ఆవిడ వచ్చింది. నన్ను పక్కకి జరిపి, తడి దుప్పటి కప్పుకుని, నిప్పులమధ్యనుంచి లోపలికెళ్ళి ప్లగ్గు పీకింది. ఆవిడే! నేను కాదు! నేను బయటున్నాను!"

బల్లల మీద నవ్వు సగంలో ఆగింది. కోతల కథలో కథకుడు గుమ్మం బయట నిలబడడం వాళ్ళెప్పుడూ వినలేదు. మాస్టారు కళ్ళద్దాలు దించి బావ మొహంలోకి చూశాడు.

తడి దుప్పటి అనగానే దర్జీకి అర్థమైంది. ఈ ఎదుటి బల్ల, ఈ ఇస్త్రీ చొక్కా, ఈ విమానం, ఈ సముద్రం, అన్నీ ఈ ఒక్క ముక్క చెప్పడానికే. క్షమించమనడం చేతకాని మనిషి, మెట్లెక్కడం చేతకాని మనిషి, తనకొచ్చిన ఒకే ఒక్క విద్యతో వచ్చాడు. దర్జీ చటుక్కున బాల్కనీ వైపు చూశాడు. తలుపు ఓరగానే ఉంది. లోపల మెషీను ఆగకుండా టకటకమంటూనే ఉంది. ఆ చప్పుడులో కూర్చున్నవాళ్ళకి పక్కన పిడుగు పడినా వినబడదని అతనికి తెలుసు, తన బతుకంతా ఆ చప్పుడులోనే గడిచింది.

ఆపక్కా, ఒక్క నిమిషం ఆపు, అనుకున్నాడు. లేచి పైకి పరిగెడదామనుకున్నాడు. ఇంతలో మెషీను దానంతటదే ఆగింది. బావ మొహం వెలిగిపోయింది. విన్నదనుకున్నాడు పాపం.

బాల్కనీ తలుపు తెరుచుకుంది. అక్క చేతిలో చిన్న చొక్కా. దారం పోగులు రాలేట్టు కటకటాల మీద దులుపుతోంది.

అక్కడైనా ఆపి ఉంటే బాగుండేది. కానీ ఊరించే శ్రోత ఎదురుగా నిలబడితే బావ నోరు ఆగుతుందా!

"యంత్రం ఆగేసరికి రొయ్యలన్నీ పైనుంచి వచ్చి మా ఆవిడ పళ్ళెంలో వరసగా పడ్డాయి! పైన నిమ్మరసం పిండాను. తింది. తిని ఏమందో తెలుసా? 'ఇన్నేళ్ళూ వండి వండి చచ్చాను గాని, రొయ్య రుచి ఇదని ఇవాళే తెలిసిందండీ' అంది. ఒక్కటి మిగల్చలేదు. వేళ్ళు నాకింది. 'ఇంక ఈ ఇల్లు వదిలి ఒక్క పూట కూడా ఉండను' అంది. ఏరా బామ్మర్దీ? మీ అక్క వేళ్ళు నాకిందా లేదా?"

గ్లాసు ఎత్తి షాపు వైపు తిరిగాడు. డ్రైవరూ మాస్టారూ టీ కొట్టాయనా కూడా అటే తిరిగారు. నవ్వడానికి నోళ్ళు సిద్ధంగా ఉన్నాయి. పైన చొక్కా దులపడం ఆగింది.

దర్జీ నోటిదాకా వచ్చింది అవును అన్న మాట. అది అంటే ఏమవుతుంది? కింద నవ్వులు, పైన మూసుకునే తలుపు. నువ్వు చూశావా అని ఒకసారి అడిగింది అక్క, రెండోసారి అడగదు. కాదంటే బావ నలుగురిలో పలచనవుతాడు, అదీ ఇవాళ, గుమ్మం బయట నిలబడ్డానని ఒప్పుకున్న రోజు. దర్జీ పైకి చూశాడు. అక్క కళ్ళు అతని మీదే ఉన్నాయి. కటకటాల మీద ఆమె వేళ్ళు. ప్రతి ఆదివారం ఆ వేళ్ళకి పాలిథిన్ కవర్లు తొడుక్కుని రొయ్యలు వొలిచేది. "మా మహారాణికి చేతులు కందిపోతాయట" అని బావ ఇదే బల్ల మీద కథ చెబితే అందరూ నవ్వారు. ఎందుకు తొడుక్కుంటుందో తెలిసీ తనూ నవ్వాడు.

"లేదు బావా," అన్నాడు.

డ్రైవరు అలవాటుగా పగలబడి నవ్వబోయి ఆగిపోయాడు.

"ఏంట్రా?"

"అక్కకి రొయ్యలు పడవు బావా."

"పడకపోవడమేంట్రా? ఆదివారం వస్తే మా ఇంట్లో రొయ్యలేగా!"

"నీకు వండుతుంది."

"తనూ తింటుందిగా!"

"తినడం నువ్వెప్పుడైనా చూశావా బావా?"

బావ నోరు తెరిచాడు. ఎక్కడో వెతుకుతున్నట్టు కళ్ళు చిట్లించాడు. అక్కేమో ముందు ఆయనకి పెట్టి, మీరు కానివ్వండి, నేను తర్వాత తింటాననే మనిషి. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, మిగతా కథ చెప్పడానికి వీధిలోకి వచ్చేసేవాడు.

"చిన్నప్పుడు ఒక్క రొయ్య తింది," అన్నాడు దర్జీ. అతని గొంతు అతనికే కొత్తగా ఉంది. "పెదాలు వాచాయి, గొంతు మూసుకుపోయింది. నాన్న భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. ముట్టుకున్నా ఒళ్ళంతా దద్దుర్లే. అందుకే ఆ కవర్లు."

మాస్టారు నేలచూపులు చూశాడు. పొంగిన పాలు మాడుతున్న వాసన వచ్చినా టీ కొట్టాయన కదల్లేదు.

"మరి నాకు చెప్పలేదేంట్రా?" అన్నాడు బావ. ఆ గొంతు పక్కనున్నవాడికే వినబడేంత చిన్నదిగా ఉంది.

"చెప్పే ఉంటుంది బావా. నువ్వేదో చెబుతూ ఉండుంటావు."

బావ పైకి చూశాడు. బాల్కనీ ఖాళీగా ఉంది, తలుపు వేసుంది. కాసేపటికి మెషీను మళ్ళీ మొదలైంది. ఆయన లేచాడు. మెట్ల దగ్గరికి వెళ్ళి కమ్మీ మీద చెయ్యి వేశాడు. బావ ఆ చేతిని వాసన చూసుకున్నాడు, మొహం అదోలా పెట్టి, కమ్మీని చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచి, వీధి వెంట నడుచుకుంటూ పోయాడు. డబ్బా బల్ల మీదే ఉండిపోయింది.

చివరికి టీ కొట్టాయనే డబ్బా మూత తీశాడు. వెన్న, వెల్లుల్లి వాసన గుప్పుమంది. రొయ్యలు లేత నారింజ రంగులో, అంచులు సన్నగా ఎర్రబడి, ఒకదాని పక్కన ఒకటి పడుకుని ఉన్నాయి. ఒక మూల నిమ్మచెక్క కూడా పెట్టుకొచ్చాడు. డ్రైవరు ఒకటి నోట్లో వేసుకున్నాడు. మాస్టారు ఒకటి. దర్జీ కూడా ఒకటి తీసుకున్నాడు. రబ్బరులా సాగుతాయనుకున్నాడు. పంటి కింద మెత్తగా తెగింది. వెన్న తీపి, మిరియాల ఘాటు, ఎక్కడా మాడని వెల్లుల్లి.

"నిజంగానే బాగున్నాయయ్యా," అన్నాడు మాస్టారు నమ్మలేనట్టు.

దర్జీ నోట్లోది నోట్లో ఉండగానే వీధి మలుపుదాకా పరిగెత్తాడు. అవును బావా, నిజమే బావా, నేను సాక్షి అని చెబుదామని. మలుపు అవతల బావ లేడు.

తిరిగొచ్చి సబ్బుతో చేతులు రెండుసార్లు కడుక్కుని, నోరు పుక్కిలించి, మెట్లెక్కాడు. అక్క తల ఎత్తలేదు.

"నలుగురిలో అంత మాట అనకపోతేనేంరా? విడిగా పిలిచి ఆయనతో అంటే సరిపోయేది. ఎలా వెళ్ళాడో మనిషి."

"నువ్వు వినాల్సింది వినలేదక్కా. ఆ ముందు ముక్క."

"ఇంకో కోతేనా?"

"కాదు. యంత్రం అంటుకుంటే తను గుమ్మం బయట నిలబడి కేకలు పెట్టానన్నాడు. నువ్వే తడి దుప్పటి కప్పుకుని లోపలికెళ్ళి ఆపావన్నాడు. ఆవిడే, నేను కాదు అన్నాడు. ఆ మాట నీకు వినబడాలనే అంత గట్టిగా అరిచాడక్కా."

మెషీను ఆగింది. చక్రం మీద అక్క చెయ్యి అలాగే ఉండిపోయింది. ఇంకా సరిగా మొలవని కనుబొమ్మ కింద ఆ కళ్ళలో అప్పటికప్పుడు ఏదో లేచింది. ఇన్నాళ్ళుగా ఆ మాట కోసమే కూర్చుందని ఎవరికైనా తెలిసిపోయేలా ఉంది.

"నిజంగా అన్నాడా?"

"అన్నాడక్కా. నా చెవులారా విన్నాను."

అన్నాక అతనికే తెలిసింది, ఆ మాట ఏ రాగంలో వచ్చిందో. ఇన్నేళ్ళుగా షాపులోంచి బల్లల వైపు విసిరిన అదే రాగం. సరిచేసుకుని మళ్ళీ చెబుదామనుకున్నాడు గాని ఇంకో రాగం అతనికి రాదు. అక్క అతని మొహంలోకి చాలాసేపు చూసింది. కళ్ళలో లేచింది మెల్లగా సర్దుకుంది. చిన్నగా నవ్వింది, చిన్నప్పుడు అతను అన్నం తినకుండా మారాం చేస్తే నవ్వినట్టు.

"నువ్వెప్పుడు చూశాననలేదు కనకరా, ఎప్పుడు విన్నాననలేదు కనక!" అంది. సూది కిందికి చొక్కా జరుపుకుంది. "ఆయన నిజంగా ఆ మాట అని ఉంటే ఎంత బాగుండేదో."

చక్రం తిప్పింది. మెషీను మళ్ళీ టకటకమంది.